ఆ పేరు నిలబెట్టింది ఎవరు?
పేట్రియాట్ గార్డ్ రైడర్స్ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఎవరిదని సొంతవాళ్లే కొట్లాడుకున్నారని చదివి మనసు చివుక్కుమంది. 2005లో అమెరికాలోని కాన్సాస్‌లో మొదలైన మోటార్‌సైకిల్ రైడర్ల బృందం ఇది. సైనికుల చావు దేవుడు వేసిన శిక్ష అనే వెస్ట్‌బరో చర్చి వాళ్లు అమర సైనికుల అంత్యక్రియల దగ్గర ప్లకార్డులతో చేసే రభస ఆ కుటుంబం కంటపడకుండా వీళ్లు అడ్డంగా నిలబడేవాళ్లు. అదీ కుటుంబం పిలిస్తేనే.

అమెరికా వచ్చిన కొత్తలో ఒకసారి వీళ్లను చూశాను. ఎదురుగాలికి జెండా కర్ర వంగిపోతుంటే రెండు చేతులతో బిగించి పట్టుకుని, గంటసేపు పెదవి విప్పకుండా నిలబడ్డాడు ఒక పెద్దాయన. అమెరికాలో ట్రేడ్‌మార్క్ మీద హక్కు అసలు పుట్టేది వాడకంతో, రిజిస్ట్రేషన్ ఆ తర్వాతి మాట. మరి ఆ పేరును ఇన్నేళ్లు వాడుకలో నిలబెట్టింది సొంత డబ్బుతో పెట్రోలు పోసుకుని వచ్చిన ఇలాంటి వాళ్లే కదా? టీషర్టుల మీద, బ్యాడ్జీల మీద పేరు ఎవరు వేసుకోవాలో వాళ్లను కూడా కూర్చోబెట్టి అడగండి.