సవరణ: ష్పేర్ ‘వట్టి ఆర్కిటెక్ట్’ కాదు

ఆల్బర్ట్ ష్పేర్ మీద మొన్న పెట్టిన పోస్టులో, ‘హిట్లర్ కోసం భవనాలు గీసినవాడే తప్ప యూదుల హత్యల సంగతి అతనికి తెలియదు’ అని రాశాను. అది తప్పు. యుద్ధ నేరాల శిక్ష ముగిసి జైలు నుంచి వచ్చాక అతను తన గురించి చెప్పుకున్న మాటనే నిజమనుకున్నాను. చదివినవాళ్లందరికీ క్షమాపణలు.

బెర్లిన్‌ని కొత్తగా కడతామంటూ అతని ఆఫీసే యూదు కుటుంబాలను ఇళ్లు ఖాళీ చేయించింది. అంటే నేరం డ్రాయింగు బల్ల దగ్గరే మొదలైంది. 1942 ఫిబ్రవరిలో ఆయుధాల మంత్రి ఫ్రిట్జ్ టోట్ విమానం కూలి చనిపోతే ఆ పదవి ష్పేర్‌కి దక్కింది. 1943 డిసెంబరులో డోరా అనే నిర్బంధ శిబిరం సొరంగాలకు స్వయంగా వెళ్లాడు. రాకెట్ల ఫ్యాక్టరీ కోసం కొండను తొలుస్తున్న ఖైదీలు ఆ చీకట్లోనే, ఆ రాతి దుమ్ములోనే పడుకునేవారు. చూసినవాడు తెలియదనడం ఎలా కుదురుతుంది?

1943 అక్టోబరు 6న పోజెన్‌లో (నేటి పోలండ్‌లోని పోజ్నాన్) నాజీ ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ యూదుల నిర్మూలన గురించి నోరు విప్పి చెప్పాడు. ఆ ప్రసంగానికి ముందే వెళ్లిపోయానని ష్పేర్ వాదించాడు. కానీ అక్కడే ఉన్నానని 1971లో ఓ ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరం 2007లో బయటపడింది.

ఇంకోటి. శిక్ష 25 ఏళ్లని రాశాను, 20 ఏళ్లు. 1966లో స్పాండౌ జైలు నుంచి విడుదలయ్యాడు.

బెర్లిన్‌లో ష్పేర్ పథకం నాటి పెద్ద కాంక్రీటు దిమ్మ ఒకటి మిగిలి ఉంది, అది కూడా ఏ భవనం శిథిలమూ కాదు. 12 వేల టన్నులకు పైగా బరువుండే దాన్ని, అక్కడ కట్టాలనుకున్న భారీ విజయ తోరణాన్ని నేల మోస్తుందో లేదో చూడడానికి 1941లో పోశారు. తోరణం మాత్రం కట్టనేలేదు.

పాత పోస్టులో ఆ వాక్యాలు కొట్టేశాను.