ఆ వాసన కాళ్ళది కాదు

నిద్ర పట్టడం లేదని ఒక ఇంటివాళ్ళు వలేరియన్ అనే మూలిక వేరు కొన్నారు. గిన్నెడు నీళ్ళలో గుప్పెడు పడేసి స్టవ్ మీద పెట్టారు. తెళతెళా మరుగుతుండగా చుట్టం దిగాడు.

హాలు నిండా ఉతకని సాక్సుల కంపు. పచ్చి వేరుకి ఇంత కంపుండదు. ఎండేకొద్దీ లోపలి పదార్థాలు విరిగి ఐసోవలెరిక్ ఆమ్లం పుడుతుంది. కాళ్ళ చెమట కంపులో ఉండేదీ అదే, కాబట్టి ముక్కులు పొరబడలేదు. కానీ ఈ రసాయన శాస్త్రం చుట్టానికేం తెలుసు? మెల్లగా పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. వాళ్ళావిడ ఆయన వైపు ఒక చూపు చూసింది. ఇంటివాళ్ళు మర్యాదస్తులు కదా, పైకప్పు చూశారు. ఎవరో ఫ్యాన్ పెంచారు, అప్పటిదాకా వాసన తగలని మూలకీ తగిలింది. అంతలో పిల్లి వచ్చింది. ఈ వేరులోని ఆక్టినిడిన్ అనే పదార్థం అంటే పిల్లులకు పిచ్చి. విప్పిన ప్యాకెట్టు కుర్చీ పక్కనే పడుందని మనిషన్నవాడెవడూ గమనించలేదు. పిల్లి గమనించింది, సరిగ్గా ఆయన పాదాల దగ్గర పడి దొర్లింది. ఇక సాక్ష్యం ఏం కావాలి? చుట్టం పని ఉందంటూ లేచాడు.

ప్యాకెట్టు మీద ‘తగినంత వాడండి’ అని అచ్చేశారు. ఎంత తగినంత? కప్పు వేడినీళ్ళకి 2–3 గ్రాముల ఎండువేరు. మరిగిస్తే ఆవిరయ్యే నూనెలు హాల్లోకే పోతాయి. పొయ్యి కట్టేశాక వేరు వేసి, మూత పెట్టి, 10–15 నిమిషాలాగి వడకట్టాలి. పడుకునే ముందు అరగంట నుంచి గంటలోపు తాగాలి. మొదటి రాత్రే గుర్రు పెట్టాలనుకోకండి, 2 నుంచి 4 వారాలు చూడాలి. అప్పుడూ అందరికీ పనిచేస్తుందన్న గట్టి రుజువు లేదు.

నిద్రమాత్రలతో, మద్యంతో కలపకూడదు. ఈ వేరు నీళ్ళు తాగాక బండి నడపకూడదు. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, 12 ఏళ్ళలోపు పిల్లలకీ వద్దు. ఆపరేషన్ ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. వీటిలో ఒక్కటీ ఆ ప్యాకెట్టు మీద లేదు. ‘నూరు శాతం సహజం’ అని మాత్రం వేలెడంత అక్షరాల్లో ఉంది!

మిగిలిన వేరుని బిగుతు మూతున్న గాజు సీసాలో పోసి, బీరువాలో పెట్టి తాళం వేయండి. ప్లాస్టిక్ కవరుకి రబ్బరు బ్యాండు చుడితే సరిపోతుందని ప్యాకెట్టువాడు బొమ్మ కూడా వేశాడు. వాడి ఇంట్లో పిల్లి లేదు కాబోలు.