ఒంటికి జరిమానా, ఊరికి మాఫీ

మా నెల్లూరు జిల్లాలో ఒక బీచ్‌కి కొత్త బోర్డు వచ్చింది. నీలం రంగు, తెల్లటి అక్షరాలు, పైన నవ్వుతున్న డాల్ఫిన్ బొమ్మ. 'సముద్ర తీరంలో మూత్ర విసర్జన నిషేధం. అతిక్రమిస్తే రూ. 200 జరిమానా.' చదవగానే ఒళ్ళు పులకరించింది. సముద్రమంటే ఇంత పట్టింపు ఉన్న అధికారులు ఉండగా మనకింకా దిగులెందుకు?

బోర్డుకి కాస్త అవతల నల్లటి కాలువ ఒకటి ఇసుకను కోసుకుంటూ వచ్చి అలల్లో కలుస్తోంది. ఒడ్డున బూడిదరంగు నురగ, ఆ నురగలో షాంపూ ప్యాకెట్లు, ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉన్న డైపరు ఒకటి. ఆ కాలువకి మాత్రం ఏ బోర్డూ లేదు. డాల్ఫిన్ అటు వీపు పెట్టి నవ్వుతోంది.

ఇప్పుడొక పెద్దాయన ఆ బీచ్‌కి వచ్చాడనుకోండి. షుగరు మనిషి, ఆపుకోలేడు. సరుగుడు చెట్టు చాటుకి వెళ్ళాడు. హోంగార్డు విజిలేశాడు.

"ఏందయ్యా పెద్దాయనా, బోర్డు కనపళ్ళా?"

"కనపడింది సామీ, ఆగలా."

"రెండొందలు తియ్యి."

"ఇస్తాలే. ఒక్క మాట చెప్పు. ఈ పని నేను ఇంట్లోనే కానిచ్చి, ఫ్లష్ కొట్టి వచ్చుంటే ఎంత?"

"ఇంట్లో అయితే ఏముంది, ఏమీ లేదు."

"అది యాడికి పోద్ది?"

"కాలవలోకి."

"ఆ కాలవ?"

హోంగార్డు నిజాయతీపరుడు. నల్లటి నీళ్ళ వంక ఒకసారి చూసి, "ఈడికే" అన్నాడు.

"అంటే అది కాలవలో రాకుండా నాతో పాటు బస్సులో వచ్చిందనా నీ జరిమానా?"

ఇది తన స్థాయి దాటిన ప్రశ్న కాబట్టి హోంగార్డు ఎస్సైకి ఫోన్ చేశాడు. ట్రీట్‌మెంట్ చేసిన మురుగైతే వదలొచ్చని రూల్లో ఉందని ఎస్సై అన్నాడు. పెద్దాయన జేబులోంచి డాక్టరు చీటీ తీశాడు. "జరగతానే ఉంది సామీ. మెట్‌ఫార్మిన్ 500, రెండు పూటలా."

మన ఊళ్ళల్లో చాలావాటికి ఆ మాత్రం ట్రీట్‌మెంట్ కూడా లేదు. దేశం మొత్తం మీద పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, శుద్ధి అయ్యేది 20,236 మాత్రమేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే 2021లో లెక్క చెప్పింది. మిగతాదంతా బస్సెక్కకుండా వచ్చే బాపతు. నెల్లూరు సంగతే చూడండి. 2011 జనాభా లెక్కల్లో సుమారు 5 లక్షల మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు, అందులో 80 శాతం మురుగు అని ఇంజనీర్లు వాడే కొలతతో గుణిస్తే 5 కోట్ల 40 లక్షల లీటర్లు. తలకు రోజుకు ఒక్కసారే లెక్కేసినా, బోర్డు రేటు ప్రకారం 10 కోట్ల జరిమానా. షుగరు వాళ్ళది అదనం.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. పట్టణాల మురుగును శుద్ధి చేయకుండా తీరంలో వదలకూడదని, అలా వదులుతుంటే మూడేళ్ళలో ఆపించాలని 1991 తీర ప్రాంత నోటిఫికేషన్ చెప్పింది. మూడేళ్ళంటే 1994. తర్వాత 2011లో మళ్ళీ నోటిఫికేషన్ ఇచ్చి, ఈసారి రెండేళ్ళు గడువు పెట్టారు. 2019లో మళ్ళీ నిషేధించారు. గడువు తగ్గుతూ వస్తోంది కదా, అది ప్రగతి కాదంటారా?

'అంత పెద్ద సముద్రం, అందులో కలిసిపోదా' అనే మేధావులు మన జిల్లాలో కూడా ఉన్నారు. ఆశ్చర్యంగా వాళ్ళల్లో కొందరికి రొయ్యల గుంటలున్నాయి. తెల్లారుజామున గుంటలో డీఓ, అంటే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఏమవుతుందో వాళ్ళకి నేను చెప్పాలా? నాచు పెరిగిన గుంటలో రాత్రంతా ఆక్సిజన్ తరిగిపోయి రొయ్య పైకి తేలుతుందనే కదా నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పి, కరెంటు పోతే డీజిల్ ఇంజను కోసం పరిగెత్తేది! మురుగులో ఉండే నత్రజని, భాస్వరం సముద్రంలో చేసేదీ అదే. నాచుకి ఎరువు దొరుకుతుంది, అది విపరీతంగా పెరిగి చచ్చి అడుక్కి చేరుతుంది, కుళ్ళేటప్పుడు అక్కడి ఆక్సిజన్ తినేస్తుంది. ఈదగలిగిన చేప పారిపోతుంది. బురదలో ఉండే పురుగులు, గుల్లలు ఎక్కడికి పోతాయి? ఆ గుల్లలు నీళ్ళు వడగట్టుకునే బతుకుతాయి కాబట్టి, మన పేగుల్లోని క్రిములు వాటి ఒంట్లో పోగుపడతాయి. స్నానాలు చేసే సముద్రపు నీళ్ళల్లో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ బాక్టీరియా 100 దాటకూడదని ప్రమాణం ఉంది. ఆ అంకె రాసిన బోర్డు మాత్రం ఏ బీచ్‌లోనూ నా కంటపడలేదు.

ఇక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మత్స్యకారుల పాలెంలో ఇంజను పడవలన్నీ ఒడ్డుకి లాగేస్తారు. మంచిదే. కానీ ఆ 61 రోజులూ మురుగు కాలువకి సెలవు లేదు. పైగా నడి ఎండాకాలం. పెన్నలో పారే నీళ్ళుండవు, అది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది, మురుగు కదలక అక్కడే నిలబడిపోతుంది. సముద్రంలో పుట్టిన టైగర్ రొయ్య పిల్లలు పెరగడానికి వచ్చేది ఆ మొగలకీ, ఉప్పుటేర్లకీ. చేపపిల్ల బతకాలని వేటకెళ్ళే పట్టపోడు రెండు నెలలు పస్తులుండాలి, ఆ పిల్ల నోట్లో మనం ఊరి దొడ్డి కుమ్మరించాలి! వాడు ఒక్కరోజు ముందు వల వేస్తే పడవ పట్టుకుంటారు. మూడు దశాబ్దాలుగా గడువు దాటేస్తున్న ఊళ్ళని పట్టుకున్నవాడు ఏడీ? పాలెం నుంచి గంపెత్తుకొచ్చిన ఆడమనిషిని 'ఏందమ్మా, చేపలు వాసనొస్తున్నాయే' అని నలభై తగ్గించమంటాం. ఆ వాసన ఎవరిదనుకుంటున్నాం? మన బాత్రూముది. సిగ్గులేకపోతే సరి.

అందుకే నాదొక మనవి. వచ్చే ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్ళకి కూడా 61 రోజులు ఫ్లష్ నిషేధం పెట్టండి. మత్స్యకారులకి ఇచ్చే భృతి ఎంతో మాకూ అంతే ఇవ్వండి, ఎక్కువ అడగం. మురుగు శుద్ధికి నిధుల్లేవని చెప్పే పెద్దలందరికీ మొదటి రోజు మధ్యాహ్నం భోజనాలు కాకముందే నిధులు దొరక్కపోతే నన్నడగండి.