బీఓపీ ఉంటే చాలన్న వాదన ఎందుకు నిలవదు

కాకినాడకు ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్న లోతు నీటి గ్యాస్ క్షేత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక వాదన విరివిగా చలామణీ అవుతోంది. సముద్రగర్భంలో బావి మీద బీఓపీ, అంటే బావి అదుపు తప్పితే దాన్ని మూసేసే బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే యంత్రం ఉంటుంది కాబట్టి మీట నొక్కగానే బావి మూసుకుపోతుందని, వచ్చేది గ్యాసే కాబట్టి లీకైనా నీటిలో కలిసిపోతుందని, ఉత్పత్తి మొదలయ్యాక ఇక గండం గడిచినట్టేనని, 1995లో కోనసీమలోని పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి మండిన లాంటి ప్రమాదం సముద్రంలో జరిగినా జనానికి దూరమే కనుక తేలికని దాని సారాంశం.

మొదటి మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సుమారు 1,500 మీటర్ల లోతు నీటిలో మకాండో బావి అదుపు తప్పి, డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద 11 మంది చనిపోయినప్పుడు ఆ బావికి బీఓపీ ఉంది. పైపును కోసి బావిని మూయవలసిన షియర్ ర్యామ్‌ల మధ్య డ్రిల్ పైపు వంగి పక్కకు ఒరిగి ఉండటంతో కోత పూర్తి కాలేదు. బీఓపీని నడిపే రెండు కంట్రోల్ పాడ్‌లలో ఒకదానిలో బ్యాటరీ ఛార్జి తగ్గిపోయిందని, రెండోదానిలో సోలెనాయిడ్ వాల్వు లోపం ఉందని కూడా విచారణల్లో తేలింది. అయితే బీఓపీ వంతు వచ్చేసరికే చాలా ఆలస్యమైంది. గ్యాసు, చమురు పైకి రాకుండా బావి అడుగున వేసిన సిమెంటు పట్టిందో లేదో తెలుసుకోవడానికి ఆ సాయంత్రం బావిలో ఒత్తిడి తగ్గించి చూసినప్పుడు డ్రిల్ పైపులో 1,400 పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే ప్రమాణం), బావిలోకి బరువైన ద్రవం పంపే పక్క గొట్టమైన కిల్ లైన్‌లో సున్నా కనిపించాయి. సిమెంటు పట్టి ఉంటే రెండు చోట్లా సున్నాయే ఉండాలి. సిబ్బంది ఆ 1,400కు ఏదో వివరణ చెప్పుకుని, సున్నానే నమ్మి, పరీక్ష నెగ్గిందని ముందుకు వెళ్లారు. నా దృష్టిలో ఆ బావిని కాపాడగలిగిన అసలు హెచ్చరిక ఆ అంకే. పరీక్షలో ఎంత వస్తే పని ఆపాలో, ఆపే అధికారం ఎవరిదో తవ్వకానికి ముందే రాసి పెట్టుకోని చోట ఎంత పెద్ద యంత్రమైనా ఆఖరి ఆశగానే మిగులుతుంది.

రెండో మాటలో కొంత నిజం ఉంది. మకాండోలో వెలువడిన మీథేన్‌లో చాలా భాగం లోతు నీటిలోనే కరిగిపోయింది. కానీ బావిని పైనున్న రిగ్గుకు కలిపే రైజర్ పైపు గుండా పైకి ఎగబాకే గ్యాసుకు సముద్రపు నీరు తగలదు. 1,500 మీటర్ల కింద సుమారు 150 రెట్ల వాతావరణ పీడనంలో ఉన్న గ్యాసు పైకి వచ్చేసరికి వంద రెట్లకు మించి వ్యాకోచిస్తుంది. మకాండో చమురు బావే అయినా రిగ్గును పేల్చింది అలా వచ్చిన గ్యాసే. పైగా, ఆ పీడనంలో, నాలుగైదు డిగ్రీల చలిలో గ్యాసు, నీరు కలిసి మంచులాంటి హైడ్రేట్‌గా గడ్డకడతాయి. లీకు మీద మూతలా దించిన భారీ ఉక్కు గోపురం 2010 మే నెలలో ఈ హైడ్రేట్‌తో పూడుకుపోయి పనికిరాకుండా పోయింది. మన బేసిన్ అడుగున సహజంగానే హైడ్రేట్ నిక్షేపాలు ఉన్నాయని 2006 నాటి తవ్వకాల్లో రుజువైంది కాబట్టి, బావి చోటు ఎంచుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

ఉత్పత్తి మొదలైతే గండం గడిచినట్టేనన్న మాటకు ఈ బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో ఉన్న డీ1, డీ3 క్షేత్రాలే జవాబు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్న ప్రణాళికతో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో 6 కోట్లకు చేరి, ఆ తర్వాత బావుల్లోకి నీరు, ఇసుక చేరడంతో పడిపోతూ వచ్చి, 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. భూగర్భం గురించిన అంచనా తప్పడం కూడా ఇంజనీరింగ్ ప్రమాదమే.

ఇక పాశర్లపూడి. రోడ్డు మీదుగా యంత్రాలు, మనుషులు బావి దగ్గరకు చేరగలిగిన నేల మీదే ఆ మంట 65 రోజులు మండింది. కేజీ-డీ6లోనే మరో గ్యాస్ క్షేత్రమైన ఆర్ క్లస్టర్ ఉన్న 2,000 మీటర్లకు పైబడిన లోతుకు ఈతగాడు దిగలేడు; దూరం నుంచి నడిపే రోబో వాహనాలతోనే ప్రతి బోల్టూ తిప్పాలి. మకాండోలో చమురు ప్రవాహం ఆగడానికి 87 రోజులు పట్టింది. ఆ అనుభవంతో, అదుపు తప్పిన బావి మీద బిగించే క్యాపింగ్ స్టాక్‌లను సింగపూర్‌తో సహా ప్రపంచంలో కొన్ని చోట్ల సిద్ధంగా ఉంచుతున్నారు. అలాంటి స్టాక్ కాకినాడ తీరానికి ఎన్ని రోజుల్లో చేరుతుంది, దానిని దించే ఓడ ఎక్కడి నుంచి రావాలి, అదుపు తప్పిన బావిని కింద నుంచి మూయడానికి పక్కన రిలీఫ్ బావి తవ్వాలంటే రెండో రిగ్గు ఎవరిస్తారు అన్నవి ప్రతి బావికీ విడివిడిగా తేల్చి, అనుమతికి ముందే కాగితం మీద పెట్టవలసిన విషయాలు.