సైదులు ఏ మతం?

ముస్లింల ఆచారం ఏదైనా తప్పుపడుతూ పాఠకుల ఉత్తరం అచ్చయిందంటే చాలు, పొద్దున్నే మా నల్లగొండ కార్యాలయానికి ఫోన్లు మొదలవుతాయి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘రాసినాయన ముస్లిమేనా?’ అవునంటే ‘చూశారా, వాళ్లే ఒప్పుకుంటున్నారు’ అని ఒకరు, ‘ఎవరో రాయించి ఉంటారు’ అని ఇంకొకరు. కాదంటే ‘ఆయనకేం పని?’ అని మరొకరు. పదో తరగతి కాగానే ఆడపిల్లను బడి మాన్పించడం గురించి రాసిన ఉత్తరమైనా సరే, ఆ పిల్ల చదువు ఏమైందని అడిగినవారు లేరు.

ఇస్లాంను విమర్శించేవారిని పుట్టిన మతాన్ని బట్టి విడదీసి చూపాలన్న వాదన ఈ మధ్య బాగా వినిపిస్తోంది. ముస్లింలు, ఇస్లాం వదిలినవారు, హిందువులు, క్రైస్తవులు, నాస్తికులు అని తలా ఒక గుర్తు పెడితే, ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో పాఠకుడికి తెలుస్తుందట. సదుద్దేశంతో అనేవారూ ఉన్నారు. అయినా ఈ పద్ధతి వద్దనే మేము గట్టిగా చెబుతున్నాం.

మన ప్రాంతం సంగతే చూడండి. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని, పుట్టిన బిడ్డకు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఉత్తరం కింద సైదులు అని సంతకం ఉంటే ఏ వరుసలో రాస్తాం? ముస్లిం ఇల్లు ఒకటీ అరా ఉన్న పాలమూరు ఊళ్లలో కూడా మొహర్రం వస్తే పీర్ల కొట్టానికి సున్నం వేస్తారు. పీరుకు దట్టి కట్టేది, మలీద ముద్దలు చేసేది, నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడేది ఎక్కువగా హిందువులే. అదే పండుగను, అవే దర్గా మొక్కులను ‘ఇది ఇస్లాం కాదు’ అని అందరికంటే గట్టిగా తప్పుపట్టేది కొందరు మౌల్వీలు. ఇక్కడ విమర్శకుడెవరు, భక్తుడెవరు? పదేళ్లుగా పీరు ఎత్తుతున్న గొల్ల కురుమల పెద్దాయన ఆ పండుగ గురించి ఒక మాట అంటే ఆయన్ని బయటివాడు అనగలమా?

2017 ఆగస్టు 22న ముమ్మారు తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు 3–2 తేడాతో చెప్పింది. కోర్టు మెట్లెక్కింది షయారా బానో లాంటి ముస్లిం మహిళలే. ఆ ధర్మాసనంలోని ఐదుగురు జడ్జీలు ఐదు మతాల వారని అప్పట్లో పత్రికలు లెక్కపెట్టి మరీ రాశాయి. ఆ లెక్క దేనికి పనికొచ్చింది? ఆ తలాక్ ఖురాన్‌కే విరుద్ధమని రాసింది క్రైస్తవుడైన జస్టిస్ కురియన్ జోసెఫ్. మత ఆచారంలో కోర్టు జోక్యం వద్దని ఒకే తీర్పు మీద నిలిచింది సిక్కు అయిన ప్రధాన న్యాయమూర్తి ఖేహర్, ముస్లిం అయిన జస్టిస్ అబ్దుల్ నజీర్. ఎవరి కారణాలు వారు పేజీల కొద్దీ రాశారు. మెచ్చుకున్నా తిట్టినా ఆ కారణాలను పట్టుకునే మాట్లాడాలి.

మరాఠీ రచయిత, సంస్కర్త హమీద్ దల్వాయి ముస్లిం ఇంట పుట్టారు, దేవుణ్ణి నమ్మలేదు. 1966లో ఏడుగురు ముస్లిం మహిళలతో బొంబాయిలో ముమ్మారు తలాక్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. 1970లో పుణెలో ముస్లిం సత్యశోధక్ మండల్ అనే సంస్కరణ సంస్థ పెట్టారు. హిందూ మతతత్వాన్ని కూడా ఆయన అంతే నిక్కచ్చిగా ఎండగట్టారు. ‘ముస్లిం విమర్శకుడు’ అని గుర్తు పెట్టి ఆయన్ని వాడుకునేవాళ్లు ఆ రెండో సగం చెప్పరు. మాకు బాధ కలిగించేది అదే.

‘ఇస్లాం వదిలిన వ్యక్తి’ అని పత్రికలో మనం రాసే రెండు ముక్కలు ఆ మనిషిని ఏం చేస్తాయో కూడా ఆలోచించాలి. హైదరాబాద్‌లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు. దేవరకొండలోనో మక్తల్‌లోనో మధ్యాహ్నానికల్లా వీధంతా తెలుస్తుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, చెల్లెలికి వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. అనుభవం చెప్పేటప్పుడు పుట్టుక కూడా సాక్ష్యమే, నిజం. నిఖా (పెళ్లి), మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము), ఇద్దత్ (తలాక్ లేదా భర్త మరణం తర్వాత మహిళ ఆగే గడువు) తన ఇంట్లో ఎలా జరిగాయో ఒక మహిళ రాస్తే ఆమె ఎవరో తెలియడం అవసరం. కానీ చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

‘వాళ్ల దుకాణంలో కొనొద్దు’ అని రాసేవాళ్ల సంగతి వేరు. అది మత విమర్శ కిందికి రాదు, మనుషుల మీద ద్వేషం. మతాన్ని అవమానించడం మీద ఉన్న పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 295ఎ సెక్షనైనా, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 299 అయినా చూసేది కావాలని, దురుద్దేశంతో అవమానించారా అన్నదే. రాసినవాడి మతాన్ని బట్టి నేరం మారదు.

మా ఉత్తరాల పేజీకి రాసేవారు పేరు, ఊరు, ఫోన్ నంబర్ ఇస్తే చాలు. పేరు వేయొద్దంటే వేయం. తమ మతం చెప్పుకోవాలనుకుంటే వారి మాటల్లోనే అచ్చు వేస్తాం, మా తరఫున ఒక్క విశేషణం కూడా చేర్చం. రేపు పొద్దున ఫోన్ చేసి ‘ఆయన ముస్లిమేనా?’ అని అడిగేవారికి మావాళ్లు ఉత్తరం మళ్లీ చదివి వినిపిస్తారు.