‘కారణం తెలియదు’ అనే ముందు ఎంత వెతికారు?

పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన మనిషి డిశ్చార్జి కాగితాల్లో తరచూ కనిపించే వరుస ఇది: 2డీ ఎకో నార్మల్, మెడ డాప్లర్ నార్మల్, ఈసీజీ నార్మల్. మందుల చీటీలో యాస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర. ‘అన్నీ నార్మల్ అయితే మరి ఎందుకొచ్చింది డాక్టర్‌గారూ?’ అని ఇంట్లోవాళ్లు అడిగితే సరైన జవాబు దొరకదు. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో దాదాపు నాలుగో వంతు ఇలా కారణం తేలకుండానే మిగిలిపోతున్నాయి. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2002లో ప్రచురించిన లెక్కల్లోనూ ఆ వాటా ఇంచుమించు అంతే.

వీటికి ‘క్రిప్టోజెనిక్ స్ట్రోక్’ అని పేరు. వింటే అదేదో వేరే జబ్బులా ఉంటుంది. నన్నడిగితే, వెతుకులాట ఎక్కడ ఆగిందో చెప్పే పేరు అది.

ఎక్కడెక్కడ వెతికామో చూడండి. 2డీ ఎకోలో ఛాతీ మీద ప్రోబ్ పెట్టి గుండెను చూస్తారు. గుండె లయ తప్పినవాళ్లలో రక్తం గడ్డ ఎక్కువగా కట్టేది ఎడమ కర్ణికకు (గుండె ఎడమ పై గదికి) అంటుకుని ఉన్న చిన్న సంచిలో. ఛాతీ పైనుంచి ఆ సంచి సరిగా కనపడదు. గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోలో బాగా కనిపిస్తుంది కానీ, మింగడమే కష్టమైన స్ట్రోక్ పేషెంటుకు ఆ పరీక్ష అంత తేలిక కాదు. ఇక మెడ నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ మెడ దగ్గరే ఆగిపోతుంది. తల లోపలి నాళాల్లో పూడిక పాశ్చాత్యుల కంటే ఆసియావాసుల్లో ఎక్కువ. మనకు ముఖ్యమైన చోటే దానికి అందదన్నమాట.

నెదర్లాండ్స్ వైద్యులు ఒక తేలికైన దారి పట్టారు. స్ట్రోక్‌తో వచ్చిన మనిషిని ఎలాగూ సీటీ బల్ల మీద పడుకోబెడతారు కదా, అప్పుడే గుండెను కూడా స్కాన్ చేశారు. 452 మందిలో గుండెలో గడ్డ ఎకోకి 0.6 శాతం మందిలో కనపడితే, సీటీకి 7.1 శాతం మందిలో కనపడింది. 2022లో వచ్చిన ఫలితం ఇది. గడ్డ కనపడితే యాస్పిరిన్‌తో సరిపెట్టరు, గడ్డ కట్టకుండా ఆపే వేరే రకం మందు (యాంటీకోయాగ్యులెంట్) మొదలుపెడతారు.

అలాంటప్పుడు కారణం తెలియని వాళ్లందరికీ ఆ మందే ఇచ్చేస్తే పోదా? అదీ చేసి చూశారు. 7,213 మందితో జరిగిన ‘నావిగేట్ ఈసస్’ అనే మందుల ట్రయల్ 2018లో వెలువడింది. ఆ రకం మందైన రివరాక్సబాన్ వల్ల యాస్పిరిన్ కంటే మళ్లీ స్ట్రోక్ రావడం తగ్గలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. ఆ మరుసటి ఏడాది అదే కోవకు చెందిన డబిగాట్రాన్ కూడా యాస్పిరిన్‌ను మించలేకపోయింది. ఒకరికి గుండెలో గడ్డ, ఇంకొకరికి మెడ నాళంలో చిట్లిన కొవ్వు పొర, మరొకరికి గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం బృహద్ధమనిలో పూడిక. అందరినీ ఒకే గంపలో వేస్తే మందు ఎవరికని పనిచేస్తుంది?

వేరు చేయడానికి ఆధారాలు ఎంఆర్‌ఐలోనే కొన్ని దొరుకుతాయి. దెబ్బతిన్న మచ్చలు మెదడుకు రెండు వైపులా చెదిరి ఉంటే గుండెనో బృహద్ధమనినో అనుమానించాలి. ఒకే వైపు ఉంటే ఆ వైపు మెడ నాళాన్ని మళ్లీ చూడాలి. పూడిక 50 శాతం లోపే ఉందని రిపోర్టు కొట్టిపారేసిన చోట కూడా కొవ్వు పొర లోపల రక్తం చిమ్మి ఉండొచ్చు. నాళం గోడను చూసే ఎంఆర్‌ఐ దాన్ని పట్టిస్తుంది.

అలాగని కనపడినదల్లా దోషి కాదు. గుండె పై గదుల మధ్య పుట్టుకతో మిగిలిపోయే చిన్న రంధ్రం పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి ఉంటుంది. దాన్ని మూస్తే మేలని 2017లో వచ్చిన ట్రయల్స్ తేల్చింది ముఖ్యంగా అరవై లోపు వయసువాళ్లకే, అదీ వేరే కారణం లేనప్పుడు. బీపీ, షుగర్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి ఆ రంధ్రం చూపించి ప్రొసీజర్ చేస్తామంటే నేనైతే రెండో డాక్టర్ని అడుగుతాను. వచ్చి పోయే గుండె లయ తప్పడం ఏ స్కాన్‌కీ చిక్కదు, దానికి రోజుల తరబడి మానిటర్ పెట్టాల్సిందే.

మెదడు నాళాలను చూపే సీటీ యాంజియో తీసే పెద్దాసుపత్రులు స్కాన్‌ను గుండె దాకా పొడిగించడం అసాధ్యమేమీ కాదు. చదివే రేడియాలజిస్టులకే కరువు. అప్పటిదాకా ఆ డిశ్చార్జి కాగితం పట్టుకుని ఇంట్లోవాళ్లు అడగాల్సినవి రెండున్నాయి: తల లోపలి నాళాలు చూశారా? గుండె ఎడమ కర్ణికకు అంటుకున్న ఆ చిన్న సంచి చూశారా?