ఐదేళ్ల నోము

తెలుగు మగవాడికి సొంతంగా ఒక నోమంటూ లేదన్న లోటు తరతరాలుగా ఉంది. అట్లతద్దికి ఊయల కట్టిపెట్టడం, వరలక్ష్మీ వ్రతం నాడు కొబ్బరికాయ పీచు తీయడం, సత్యనారాయణ వ్రతంలో పీటల మీద కూర్చుని ఫోన్ చూడకుండా ఉండడం, ఇంతవరకే మనవాడి పాత్ర. ఈ లోటును పండితులు పట్టించుకోలేదు, పీఠాధిపతులూ పట్టించుకోలేదు. చివరికి బీమా కంపెనీలే పూనుకుని తీర్చాయి. ఆ నోము పేరు నో క్లెయిమ్ బోనస్. నోచేవాళ్లు ఎన్‌సీబీ అంటారు. కారున్న ఆడవాళ్లకూ దీనికి అర్హత ఉంది గానీ, ఉన్న నోములతోనే వాళ్లకు తీరిక దొరకడం లేదు.

విధానం బహు తేలిక. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాలి. కట్టాక దాన్ని వాడకూడదు. అంతే. ఒక ఏడాది వాడకుండా నిగ్రహించుకుంటే రెన్యువల్‌లో 20 శాతం తగ్గిస్తారు. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లు నిష్ఠగా నోస్తే 50. ఆ పైన మెట్లు లేవు, ఇరవై ఏళ్లు నోచినా యాభైయే. మధ్యలో ఒక్కసారి క్లెయిమ్ చేశారా, కూడబెట్టిన పుణ్యమంతా సున్నా. మళ్లీ మొదటి ఏడాది నుంచి కలశం పెట్టుకోవాల్సిందే.

అసలు ఇన్సూరెన్సే కట్టకపోతే పోలా అనే నాస్తిక మార్గం కూడా ఒకటుంది. వీళ్లను తేలిగ్గా తీసేయకూడదు, వీళ్ల లెక్క వీళ్లకుంది. 2022 జూన్‌లో కేంద్రం అమల్లోకి తెచ్చిన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం) ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఇన్సూరెన్స్ లేకుండా మొదటిసారి దొరికితే జరిమానా 2,000. అంటే దొరికిపోయిన ఏడాది కూడా 94 రూపాయలు మిగులు, కట్టని జీఎస్టీ అదనపు లాభం. రెండోసారి దొరికితే 4,000 అని, ఎన్నోసారి దొరికినా మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చని మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆ మూడు నెలలూ పెట్రోలు ఖర్చుండదు, పార్కింగ్ గొడవుండదు, భోజనం ప్రభుత్వానిది. కారు కింద మనిషి పడితే మాత్రం ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేస్తే అంతా సొంతంగా కట్టుకోవాలి. దానికోసం ఇల్లు అమ్మాల్సి రావచ్చు. ఇల్లు లేనివాళ్లకు ఈ మార్గం మరింత అనుకూలం.

మనం ఆస్తికులం కాబట్టి నోము దగ్గరికే వద్దాం. మొదట తెలుసుకోవాల్సింది, ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్, అంటే మన కారు నష్టానికి కట్టే ప్రీమియం మీదే ఉంటుంది. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, దాని దగ్గర ఎవరి నిష్ఠా చెల్లదు. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం. ఐదేళ్ల పుణ్యం ఉన్నవాడికి ఏటా 5,000 మిగులుతుంది. ఇప్పుడు ఒక క్లెయిమ్ చేశాడు. మరుసటి ఏడు తగ్గింపు సున్నా కాబట్టి 5,000 నష్టం. ఆ తర్వాతి ఏడు 20 శాతమే కాబట్టి 3,000. ఆ తర్వాత వరుసగా 2,500, 1,500, 500. మళ్లీ యాభైకి చేరేలోపు మొత్తం 12,500 పోయింది, జీఎస్టీ కలిపితే పద్నాలుగు వేలు దాటింది. కారు పాతబడే కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే ఉంటుంది గానీ, నోముకు వచ్చేవాడు ఇంత సూక్ష్మంగా చూడడు. ఇది చాలదన్నట్టు ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మనదే. 1500 సీసీ దాటితే రెండు వేలు. తరుగు తీయకుండా డబ్బిచ్చే జీరో డెప్ అనే అదనపు కవరు తీసుకోకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ సామాను ఖరీదులో సగం మన మీదే వేస్తారు.

కాబట్టి పది వేల లోపు సొట్టకు క్లెయిమ్‌కి పోని వాడు తెలివైనవాడే. ఇందులో ఎగతాళికి చోటు లేదు. కాకపోతే ఒక చిన్న తిరకాసు ఉంది. కారుకు ఎప్పుడూ పడేవి పది వేల లోపు సొట్టలే. పెద్ద ప్రమాదం నుంచి కంపెనీ మనల్ని కాపాడుతుందని డబ్బు కట్టాం, చిన్న ప్రమాదాల నుంచి కంపెనీని మనం కాపాడుతున్నాం. ఈ రెండో పాలసీకి ప్రీమియం ఎవరు కట్టాలన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

ఇంత నిష్ఠకు తగ్గ క్షేత్రం మన టింకరింగ్ షెడ్డు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మీ వీధి చివర రేకుల షెడ్డులో అయినా, నలిగిన డోరు చూడగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే.

"ఇన్సూరెన్సా సార్, క్యాషా?"

ఇన్సూరెన్స్ అంటే ఒక రేటు, క్యాష్ అంటే ఇంకో రేటు. ఇన్సూరెన్స్ అయితే డోరు మార్చాలి, క్యాష్ అయితే అదే డోరు సుత్తితో బాగవుతుంది. మన గృహస్థు ఛాతీ విరుచుకుని "క్యాషే" అంటాడు. సాయంత్రానికి కారు వస్తుంది. మూడు డోర్లు తెలుపు, ఒకటి పాలమీగడ రంగు. ఎండలో తేడా తెలుస్తుంది కాబట్టి నీడలో పార్క్ చేయడం నోములో భాగమైపోయింది. రంగు ఖర్చు కూడా దండగనుకునే పరమ నిష్ఠాపరులు స్టిక్కర్లను ఆశ్రయిస్తారు. చిన్న గీతకు ఓం, కాస్త పొడుగు గీతకు వేంకటేశ్వరుడి నామాలు, డోరు మొత్తం గీసుకుపోతే అభిమాన హీరో. మన రోడ్ల మీద కనిపించే భక్తిలో, వీరాభిమానంలో ఎంత భాగం ఎన్‌సీబీ వల్ల పుట్టిందో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుంటుంది.

ఏ నోముకైనా కథ ఉండాలి. అక్షింతలు చేతిలో పట్టుకుని వినండి.

అనగనగా భాగ్యనగరంలో ఒక గృహస్థు ఉండేవాడు. ఆయన కారు కొని, కొండగట్టు తీసుకెళ్లి అంజన్న దగ్గర పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. ఫ్యాన్సీ నంబరు కావాలని, అంకెలు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ ఆఫీసులో వేలం పాడి మరీ తెచ్చుకున్నాడు. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతిని అదుపులో పెట్టుకున్నాడు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ చూపించి "ఇది తీసుకోండి సార్, వానాకాలం" అని ఏజెంట్ అంటే, "నేను కొన్నది కారయ్యా, పడవ కాదు" అని కొట్టిపారేశాడు. నాలుగేళ్లు నోము చక్కగా సాగింది. నలభై అయిదు శాతం పుణ్యం ఖాతాలో పడింది.

ఐదో ఏడు 2020 వచ్చింది. అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన సంగతి మీకు తెలిసిందే. సెల్లార్ నిండింది. తెల్లారి నీళ్లు కాస్త తీశాక గృహస్థు కిందికి దిగి, కారు బాగుందో లేదో చూద్దామని తాళం తిప్పాడు. అక్కడ జరిగింది అపచారం. మునిగిన కారును స్టార్ట్ చేస్తే గాలి లాక్కోవాల్సిన దారిలో ఇంజిన్ నీళ్లు లాక్కుంటుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ దిగబడి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. దీన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారని సర్వేయర్ ఓపిగ్గా వివరించాడు. వరద వల్ల పాడైన సీట్లకు, వైరింగుకు డబ్బు వస్తుంది, స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజిన్‌కు మామూలు పాలసీలో రాదు, ఆ యాడ్-ఆన్ ఉంటే వచ్చేదన్నాడు. తాళం ముట్టుకోకుండా టోయింగ్ బండి పిలిచి ఉంటే ఇంజిన్ కూడా బతికేదని మెకానిక్ వేరే చెప్పాడు.

గృహస్థు ఆ రాత్రి క్యాలిక్యులేటర్ ముందు కూర్చున్నాడు. ఇంజిన్ బిల్లు లక్ష దాటింది, అది ఎలాగూ రాదు. సీట్లకు, వైరింగుకు వచ్చే పద్దెనిమిది వేలు తీసుకుంటే నోము చెడుతుంది. లక్ష ఎలాగూ పోయాక ఇంకో పద్దెనిమిది వేల కోసం ఐదేళ్ల పుణ్యం పోగొట్టుకోవడమా? ఉదయం లేచి క్లెయిమ్ వెనక్కి తీసుకున్నాడు. మొత్తం బిల్లు తనే కట్టాడు. నోము పూర్తయింది. రెన్యువల్‌లో 50 శాతం తగ్గింపు దక్కింది, అక్షరాలా ఐదు వేలు. ఆ కాగితాన్ని ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. ఇరవై మూడు మంది చేతులు జోడించారు. కథ లోపమైనా వ్రతం లోపం కాకూడదు.

కథ విన్నాక వచ్చే ధర్మసందేహాలకు క్లుప్తంగా చెబుతాను. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఐదేళ్ల పుణ్యమూ గంగలో కలుస్తుంది. గుర్తు చేస్తూ వచ్చే మెసేజీలను లోన్ ఆఫర్లనుకుని చెరిపేసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది ఏటా చాలామందికి జరిగే దుర్ఘటన. ఇక పుణ్యం కర్తదే గానీ కారుది కాదు. కారు అమ్మేటప్పుడు కంపెనీని అడిగి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకు అది పనికొస్తుంది. మనవాళ్లు ఇది అడగరు. అమ్మేటప్పుడు స్టెపినీ టైరుకు విడిగా ఎంతిస్తావని మాత్రం గంటసేపు అడుగుతారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు కొందరు ఏజెంట్లు "పాత ఓనరు ఎన్‌సీబీ పెట్టేద్దాం సార్, ఎవరు చూస్తారు" అని దొంగ నోము పట్టిస్తుంటారు. నిజమే, ప్రీమియం కట్టించుకునేటప్పుడు ఎవరూ చూడరు. క్లెయిమ్ చేసినప్పుడు పాత కంపెనీకి ఉత్తరం రాసి మరీ చూస్తారు.

ప్రీమియం తగ్గించడానికి వినయం అనే ఇంకో సాధనముంది. శాస్త్రంలో దీన్ని ఐడీవీ అంటారు, అంటే పాలసీలో కారుకు రాసుకునే విలువ. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చేది ఆ మొత్తమే. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు కారుకు ధరలో 30 శాతం తరుగు తీస్తారు, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు దానికి 50 శాతం. ఆన్‌లైన్‌లో ఇంకొంచెం తగ్గించుకునే వీలు కూడా ఉంటుంది, తగ్గించిన కొద్దీ ప్రీమియం కొన్ని వందలు దిగుతుంది. మనవాడు దాన్ని అడుగంటా దించి, "నా కారుకేముందండీ, పాతది" అని నమ్రతగా అంటాడు. ఇదే మనిషి ఇంటికొచ్చిన చుట్టాలకు ఆన్‌రోడ్ ధర చెబుతాడు, అందులో పూజ ఖర్చులు కూడా కలుపుతాడు. కారు దొంగతనం అయిన రోజున కంపెనీవాళ్లు ఆయన వినయాన్నే పరిగణనలోకి తీసుకుంటారు, చుట్టాలకు చెప్పిన ధరను కాదు.

మైలేజీ గురించి రాయమని కొందరు కోరారు గానీ అది వేరే మతం. దిగుడు వచ్చినప్పుడు గేరు తీసేసి న్యూట్రల్‌లో జారవిడిచే ఆచారం వాళ్లది. ఇప్పటి ఇంజిన్లు గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు తమంతట తామే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో వేస్తేనే తాగుతాయి. ఈ మాట వాళ్లకు చెప్పి మనోభావాలు దెబ్బతీయను. మే నెలలో ఏసీ ఆపి పిల్లల్ని ఉడకబెట్టే తండ్రి, టైర్లలో గాలి చూపించి ఎన్నాళ్లయిందో చెప్పలేడు. గాలి బంకులో ఉచితం. బహుశా అందుకే దాని మీద నమ్మకం కుదరదు.

ఫాస్టాగ్ వార్షిక పాస్ మాత్రం మన నోముకు దగ్గరి చుట్టం. 2025 ఆగస్టు 15న వచ్చింది. వచ్చినప్పుడు మూడు వేలు కడితే ఏడాదిలో 200 ట్రిప్పులు, జాతీయ రహదారుల మీద. హైదరాబాద్ నుంచి విజయవాడకు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్‌గేట్లు. పోనూ రానూ ఆరు ట్రిప్పులు. అంటే 33 సార్లు విజయవాడ వెళ్లొస్తే తప్ప పాస్ గిట్టుబాటు కాదని నాకు తెలిసిన ఒక పెద్దమనిషి తేల్చారు. నిజానికి మూడు వేలు కొన్ని ప్రయాణాలకే వచ్చేస్తాయి, కానీ మిగిలిన ట్రిప్పులు మురిగిపోతాయన్న బెంగ ఆయనది. ప్రతి శనివారం బయల్దేరుతున్నారు. విజయవాడలో ఆయనకు ఎవరూ లేరు. బెంజి సర్కిల్‌లో టీ తాగి తిరిగొస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ పాస్ చెల్లదని తెలిసిన దగ్గర్నుంచి ఔటర్ ఎక్కడం మానేసి ఊళ్లోంచే వెళ్తున్నారు, దానికి ఇంకో గంటన్నర.

చివరిగా ఉద్యాపన. యాభై శాతం చేతికొచ్చాక కర్త నడవడిక ఎలా ఉండాలన్నది పెద్ద సమస్య. ఇన్నేళ్ల ఫలాన్ని ఏ ఆటో హ్యాండిలో గీకి నాశనం చేస్తుందేమోనని ఆయనకు నిద్ర పట్టదు. ఉత్తమోత్తమ మార్గం కారుకు కవరు తొడిగి సెల్లార్‌లో ఉంచేయడం. పదిహేను రోజులకొకసారి బ్యాటరీ దిగకుండా స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ కవరు తొడగాలి. ఆఫీసుకు మెట్రో ఉంది. సంక్రాంతికి అత్తగారి ఊరెళ్లాలంటే తోడల్లుడి కారుంది. అయితే ఎవరి కారు పడితే వారి కారెక్కడం నోచినవాడికి తగదు. ఎదుటివాడు కూడా నోములో ఉంటే దారి పొడుగునా నలభై దాటడు, గుంత కనిపిస్తే దిగి కొలుస్తాడు, ఊరు చేరేసరికి భోగిమంట ఆరిపోతుంది. అందుకే బయల్దేరే ముందు ఫోన్ చేసి మర్యాదగా ఒక్క మాట అడగాలి: "అన్నయ్యగారూ, ఈ ఏడు మీరేమైనా క్లెయిమ్ చేశారా?" చేశానంటే నిశ్చింతగా సామాను సర్దుకోవచ్చు. ఆయన నోము ఎలాగూ చెడిపోయింది కదా, ఇక ఆ కారుకు ఎన్ని సొట్టలు పడినా మనకు పాపం అంటదు.